గుత్తి ఎండలో జిగురు

మా మిద్దె మీద పురుగుల్ని తినే మొక్కలున్నాయని తెలిసినవాళ్లు మొదట అడిగేది ఒకటే. "నిజంగా ఆకు ఈగను తింటాదా అన్నా?" తింటుంది. అందులో నాకిప్పుడు పెద్ద వింతేమీ కనిపించదు. సారం లేని బురదనేలల్లో పుట్టిన మొక్కలవి. వేరుకు దొరకని నత్రజనిని ఆకుతో సంపాదించుకుంటాయి. నాకు వింతగా ఉండేదల్లా అవి మా అనంతపురం జిల్లా గుత్తిలో బతకడం. మే నెలలో 42 డిగ్రీలు, మధ్యాహ్నం గాలిలో తడి అన్న మాటే ఉండదు. కోట కొండ రాత్రి పదింటికి కూడా వేడి కక్కుతూ ఉంటుంది. అలాంటి చోట తడి జిగురుతో పురుగుల్ని పట్టుకుని బతికే మొక్కలు, వాటి పక్కనే తడి జిగురుతో పురుగుల్ని పట్టుకుని బతికే సాలీళ్లు. రెండూ ఒకే 10 అడుగుల షేడ్ నెట్ కింద ఉన్నాయి.

నాకు ఊళ్లో చిన్న ఆర్‌ఓ వాటర్ ప్లాంట్ ఉంది. మొక్కల పిచ్చి ఇంత దూరం వచ్చిందంటే దాని పుణ్యమే. మా బోరు నీళ్లలో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాల్ని కొలిచేది) ముంచితే 1,300 దగ్గర చూపిస్తుంది, ఎండాకాలం చివర్లో ఇంకా పైకి పోతుంది. తాగే నీళ్లకు 500 దాటకూడదని మన దేశ ప్రమాణం, వేరే నీళ్లు లేకపోతే 2,000 దాకా సర్దుకోమని కూడా అందులోనే ఉంది. ఈ మొక్కలకు మాత్రం 50 దాటితే కష్టం. ప్లాంట్‌లోని మెంబ్రేన్ అనే వడపోత పొర దాటి వచ్చే నీళ్లు మా దగ్గర 40 లోపే ఉంటాయి. అవి మరీ చప్పగా ఉన్నాయని జనం అంటారు కాబట్టి కొంచెం బోరు నీళ్లు కలిపి క్యాన్లకు పడతాం. కలపక ముందే పైపు దగ్గర పట్టిన నీళ్లు మిద్దె ఎక్కుతాయి. వేరే ఊళ్లలో ఈ మొక్కలు పెంచేవాళ్లు వాన కోసం, ఏసీ నుంచి కారే చుక్కల కోసం బకెట్లు పెట్టుకుని కూర్చుంటారు. ఆ ఒక్క విషయంలో నేను జమీందారును.

ఉప్పు ఏం చేస్తుందో చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర మొక్కలు చచ్చేది ఎండకన్నా దానివల్లే. ట్రేలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోసి కుండీల్ని అందులో నిలబెడతాం. కుండీ కింద పీల్చి, పైన ఆవిరి చేస్తుంది. వేసవిలో పొద్దున నింపిన ట్రే సాయంత్రానికి ఎండిపోతుంది. నీళ్లు పోతాయి గానీ వాటిలో కరిగి ఉన్నది ఎక్కడికీ పోదు. 40 టీడీఎస్ నీళ్లే అయినా రోజూ పోస్తూ ఉంటే కొన్ని నెలలకు కుండీలో మట్టికి బదులు నింపే పీట్ మాస్ (బురదనేలల్లో చివికిన నాచు) మీద తెల్లటి పొర కడుతుంది. అందుకని వాన పడిన రోజు పని మానుకుని కుండీలన్నీ బయటపెట్టి, పై నుంచి నీళ్లు పారేలా కడిగేస్తాను. మన జిల్లాలో ఏడాదికి కురిసేదే 550 మిల్లీమీటర్ల చిల్లర, అందులో అన్ని నెలలకన్నా ఎక్కువ పడేది సెప్టెంబర్, అక్టోబర్లలో. మిగతా రోజుల్లో క్యాన్ నీళ్లతోనే కడుగుడు. మట్టి, ఎరువు, వర్మీ కంపోస్టు, ఇవేవీ వీటి దగ్గరికి రానివ్వకూడదు. పీట్ మాస్, పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల రాతిపలుకులు, అంతే. కొబ్బరి పొట్టు వాడొచ్చు గానీ అందులో ఉప్పు ఉంటుంది, కడిగి కడిగి మీటరు పెట్టి చూసుకోవాలి.

మొక్కల సంగతికొస్తే, నా ఇష్టమంతా డ్రోసెరా బర్మానీ మీద. ఇది పరదేశీ కాదు. మన శేషాచలం కొండల్లో, వానాకాలం నీరు ఊరే రాతినేలల్లో కనిపించే మొక్క. నేలకు అంటుకుని గుండ్రంగా రెండు మూడు సెంటీమీటర్లు ఉంటుంది, ఎండ బాగా తగిలితే ఎర్రబడుతుంది. ఆకు నిండా సన్నటి కాడలు, ప్రతి కాడ చివర ఒక జిగురు బొట్టు. అంచున మాత్రం కాస్త పొడుగ్గా ఉండే కాడలుంటాయి, వాటికి వేరే పని. పీట్ మాస్‌లో పుట్టే నల్ల నుసుము ఒకటి అంచు మీద వాలితే ఆ పొడుగు కాడ క్షణాల్లో లోపలికి విసురుతుంది, నుసుము ఆకు నడిమధ్య జిగురులో పడుతుంది. డ్రోసెరా జాతిలో ఇంత వేగం కొన్నిటికే ఉంది. లెన్స్ పెట్టుకుని చూస్తే కాళ్లు కొట్టుకోవడం కనిపిస్తుంది, కొట్టుకున్న కొద్దీ పక్క కాడలు కూడా ఒక్కొక్కటే దానివైపు వంగుతాయి. పక్కన డ్రోసెరా ఇండికా ఉంది, అది నిలువుగా పెరిగేది, సన్నని పొడుగాటి ఆకులు, గులాబీ పూలు.

నెట్‌లో మిస్ట్ నాజిళ్లు పెట్టినప్పుడు నాకొక టెన్షన్ ఉండేది, నీటి తుంపర తగిలినప్పుడల్లా ఈ కాడలు వంగి వంగి అలసిపోతాయేమో అని. ఆ ప్రశ్న డార్విన్‌కూ వచ్చింది. ఆయన 1875లో ఈ మొక్కల మీద ఒక పుస్తకమే వేశాడు. వెంట్రుక ముక్క పెట్టినా కదిలే కాడ, పైనుంచి నీటిబొట్టు పడితే కదలదని తేల్చాడు. వానకు స్పందిస్తూ కూర్చుంటే బతకలేదు కదా. మా నాజిళ్ల కింద కూడా అంతే, ఒక్కటీ కదలదు.

ఆకు చివర వేలాడే కూజాలో పురుగుల్ని పడేసుకునే మొక్క నెపెంథిస్. అందులో నా దగ్గరున్నది హైబ్రిడ్. వేడిని ఓర్చుకుంటుంది గానీ గాలిలో తేమ తగ్గితే కూజాలు కట్టడం మానేస్తుంది, ఆకు చివర తీగ మాత్రం సాగి నల్లబడి ఆగిపోతుంది. మన దేశంలో సహజంగా పెరిగే ఒకే ఒక్క నెపెంథిస్ మేఘాలయ కొండల్లోది, ఖాసియానా. దానికి గుత్తి శిక్ష వేయాలన్న ఆలోచన నాకు లేదు. ఒక టబ్బులో యుట్రిక్యులేరియా వేశాను, నీళ్లలో తేలే మొక్క, ఆకులకు ఆవగింజకన్నా చిన్న తిత్తులుంటాయి. దోమపిల్ల తగిలితే తిత్తి మూత తెరుచుకుని నీళ్లతో సహా లోపలికి లాగేస్తుంది. ఆ లాగడానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదట. నాకు కనిపించేదల్లా ఇందాక ఉన్న దోమపిల్ల ఇప్పుడు లేకపోవడమే. పురుగు వాలితే ఆకును టపీమని మూసేసే వీనస్ ఫ్లైట్రాప్ గురించి చివర్లో ఒక మాట చెప్తాను.

సాలీళ్లను నేను తెచ్చి పెట్టలేదు. తడి పీట్ మాస్‌లో నల్ల నుసుములు పుట్టాయి, వాటి కోసం అవే వచ్చాయి. మొదట చిన్నవి, తర్వాత ఆర్జియోప్ ఒకటి నెట్ తలుపు పక్క మూలలో కాపురం పెట్టింది. ఎనిమిది కాళ్లను రెండేసి జతలు చేసి గూడు మధ్యలో ఇంటూ గుర్తులా కూర్చునే పసుపు చారల సాలీడు ఇదే. కాళ్ల చివర నుంచి గూటి మీద వంకర టింకర తెల్ల గీతలు అల్లుతుంది. ఆ గీతలు పురుగుల్ని ఆకర్షించడానికని కొందరు, పిట్టల్ని హెచ్చరించడానికని కొందరు వాదించుకుంటూనే ఉన్నారు. నేను ఏ పక్షమూ కాదు. ఇంట్లో మూలల్లో పట్టే బూజుకు, దీని గూడుకు పోలికే లేదు.

"తెల్లారితే దీన్ని దులిపేస్తా నాయనా, తలకు తగులుతా ఉంది" అని అమ్మ బూజుకర్ర పట్టుకొచ్చింది. కాళహస్తిలో శివుడికి గూడు అల్లి మోక్షం పొందింది సాలీడే కదమ్మా అంటే, "ఆ సాలీడు గుళ్లో అల్లింది, బట్టలారేసే తీగ దగ్గర కాదు" అంది. చివరికి తీగను నాలుగు అడుగులు జరిపాం.

దగ్గర కూర్చుని చూడాల్సింది దాని వేట. గూట్లో కేంద్రం నుంచి బయటికి పోయే దారాలకు జిగురు ఉండదు, సాలీడు నడిచేది వాటి మీదే. చుట్టూ తిరిగే దారానికే జిగురు. తేనెటీగ ఒకటి తగలగానే ఆర్జియోప్ ముందు కరవదు. దగ్గరికి పోయి, వెనక్కి తిరిగి, వెనకకాళ్లతో పొట్ట నుంచి పట్టును పలకగా లాగి పురుగు మీద వేస్తుంది. ఆ పురుగును తిప్పుతూ చుట్టడం చూస్తే బీడీలు చుట్టే ఆడవాళ్ల చేతులు గుర్తొస్తాయి, అంత అలవాటైన వేగం. పూర్తిగా చుట్టాకే కాటు. తేనెటీగకు ముల్లుంది కాబట్టి ఈ వరసే క్షేమం. పట్టు దారపు రంగు కూడా మారుతుంది, గూటి దారం కంటికి ఆనదు, ఇది పాలతెలుపు.

ఇప్పుడు అసలు విషయం. డ్రోసెరా జిగురు బొట్టులో నూటికి 95 పాళ్లకు పైగా నీళ్లే, మిగతాది బంకలాంటి పదార్థం. సాలీడు జిగురు బొట్లలోనూ గాలిలో తేమను లాక్కునే లవణాలుంటాయి. ఆ తేమతోనే దానికి అంటుకునే గుణం. గాలి మరీ ఎండిపోతే రెండింటికీ వ్యాపారం మూతపడుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలకు లెన్స్ పెట్టి చూస్తే డ్రోసెరా కాడల చివర బొట్లు చిక్కిపోయి ఉంటాయి, కొన్నిటికి అసలు ఉండవు. నుసుము ఆకు మీద నడిచి అవతలికి వెళ్లిపోతుంది. మళ్లీ తెల్లవారుజామున చూస్తే బొట్లు నిండుగా ఉంటాయి.

మొక్క లేచి పోలేదు కాబట్టి నా నాజిళ్ల మీద ఆధారపడింది. సాలీడుకు వేరే దారులున్నాయి. నియోస్కోనా అని మట్టి రంగు సాలీడు ఒకటుంది, పగలంతా ఎండుటాకు మడతలో నక్కి ఉంటుంది. పొద్దు గూకాక దిగి గూడు అల్లుతుంది, తెల్లారేలోపు ఆ గూటిని తినేసి మళ్లీ మడతలోకి పోతుంది. దారం మాంసకృత్తే కదా, పారేసుకోదు, రేపటి దారానికి మళ్లీ వాడుకుంటుంది. అంటే తేమ ఎక్కువున్న వేళల్లో మాత్రమే దుకాణం తెరుస్తుంది. మా ఊరి హోటళ్లు కూడా ఎండాకాలం మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరిస్తే బాగుండు. ఆర్జియోప్ పగలు కూడా గూట్లోనే ఉంటుంది గానీ మధ్యాహ్నం దానికి దొరికేది తక్కువే, పురుగులు పడేది పొద్దున, సాయంత్రం.

మన కొండల డ్రోసెరాకు ఇంకో ఉపాయం ఉంది, అది నెట్‌లో కూడా మానుకోలేదు. ఏడాది మొక్క. వానాకాలం మొలిచి, పూసి, ధూళిలాంటి విత్తనం రాల్చి, ఎండలు ముదిరేసరికి పోతుంది. విత్తనం వచ్చే వానకు లేస్తుంది. మంచి నీళ్లు, నీడ ఇచ్చాను కదా వేసవిలో ఉండిపో అంటే కొన్ని ఉంటాయి, ఎక్కువ భాగం ఉండవు. వాటి బదులు ట్రే నిండా పిల్లలు.

గుత్తి, సాలీడు అని కలిపి ఇంటర్నెట్‌లో వెతికితే వచ్చేది వేరే సాలీడు. ముదురు నీలం రంగు, కాళ్ల మీద పసుపు మచ్చలు. శాస్త్రీయంగా పెసిలోథీరియా మెటాలికా, సాలీళ్లను పెంచుకునే విదేశీయులు 'గుత్తి' పేరుతోనే పిలుస్తారు. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికినదాన్ని చూసి పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1899లో వర్ణించాడు. తర్వాత నూరేళ్లు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. దాని అసలు ఊరు అదే, పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది. రైల్లో కలపతో పాటు గుత్తికి వచ్చి ఉంటుందని అనుకుంటున్నారు. అంటే మా ఊరి పేరు పెట్టుకున్న సాలీడు మా ఊరిది కాదు, టికెట్ లేకుండా దిగింది. ఇప్పుడది తీవ్రంగా అంతరించిపోతున్న జీవుల జాబితాలో ఉంది. మీ నెట్‌లో ఉందా అని ఫోన్ చేసి అడిగేవాళ్లకు మనవి: లేదు, ఉండకూడదు, ఎవరైనా అమ్ముతామంటే కొనొద్దు.

మా దగ్గర అన్నిటికన్నా చెడ్డ కాలం వేసవి అనుకుంటారు, కాదు, ఆషాఢం గాలి. తాడిపత్రి వైపు కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎర్రదుమ్ముతో పడమటి గాలి కొడుతుంది. వేడి కొంచెం తగ్గుతుంది గానీ గాలి ఆగదు, డ్రోసెరా బొట్ల మీద దుమ్ము అంటుకుని పొరలా తయారవుతుంది, ఆర్జియోప్ గూడు పొద్దున అల్లితే మధ్యాహ్నానికి సగం చిరుగు. పడమర వైపు పాలిథీన్ షీటు కట్టాక మొక్కలకు ఫర్వాలేదనిపించింది. సాలీళ్లు ఆ షీటు ఉన్న మూలకే చేరాయి. అంతదాకా నెట్ అంతా పరుచుకుని ఉన్నవి ఒక గజం జాగాలో గూటి పక్క గూడు.

అలా ఒక దగ్గరికి చేరాక మొక్కలకూ సాలీళ్లకూ పోటీ కనిపించింది. షీటు మూలలో ఉన్న ట్రేలలో ఆకుల మీద నుసుములు తక్కువ, ఎదురు మూలలో ఎక్కువ. దీని మీద చదివితే, ఫ్లోరిడాలో డ్రోసెరాకూ నేల మీద వల వేసే ఒక తోడేలు సాలీడుకూ మధ్య పోటీని కొలిచిన పరిశోధన 2010లో అచ్చయిందని తెలిసింది. రెండూ తినేవి దాదాపు అవే పురుగులు. డ్రోసెరాలు దట్టంగా ఉన్నచోట సాలీళ్లు వల పెద్దదిగా, వాటికి దూరంగా వేశాయట. లాబ్‌లో పక్కన సాలీడును పెట్టి తిండి తగ్గిస్తే మొక్క నష్టపోయింది. మరి మూలలో సాలీళ్లను తీసేయాలా? నేను తీయలేదు, ట్రేలు జరిపాను. నాకు సాలీడు కూడా కావాలి. పైగా పురుగు దొరకకపోయినా డ్రోసెరా ఎదుగుదల తగ్గుతుందే తప్ప చావదు, ఎండ ఉంటే తిండి వండుకుంటుంది. సాలీడుకు ఆ వెసులుబాటు లేదు.

నెపెంథిస్ దగ్గర మాత్రం వ్యవహారం వేరుగా ఉంది. కూజా మూత కింద తేనె కోసం చీమలు, ఈగలు వస్తాయి, మూత మీద ఒక గెంతే సాలీడు కాపలా. వచ్చినదాన్ని ఎత్తుకుపోతుంది. దొంగతనమే. అయితే సింగపూర్ వైపు నెపెంథిస్ కూజాల్లోనే కాపురముండే పీత సాలీళ్లున్నాయి, అవి పురుగు రసం పీల్చుకుని పిప్పిని కూజాలో పడేస్తాయి, లెక్కేస్తే మొక్కకూ లాభమే అంటారు. మా గెంతే సాలీడుకు అంత సంసార పక్షం లేదు, పిప్పి కూడా బయటే పారేస్తుంది.

ఇక ఉసిళ్ల రాత్రి. మొదటి పెద్ద వానకు పుట్టలన్నీ తెరుచుకుంటాయి, లైటు వేస్తే చాలు గుంపులు గుంపులు. కరెంటు పోతుందని తెలిసి కూడా మిద్దె మీద బల్బు వేసి కూర్చున్నాను. నియోస్కోనా గూడు చిల్లులు పడింది, ఒకటి చుట్టేలోపు మూడు తగులుతున్నాయి, చివరికి అది గూడు అంచుకు పోయి ఊరుకుంది. ఆర్జియోప్ మాత్రం చుట్టి చుట్టి వేలాడదీసింది. డ్రోసెరా ఇండికా మీద ఉసిళ్లు రెక్కలతో అంటుకున్నాయి, ఇక పోలేవు అనుకున్నా. ఉసిలి రెక్క మొదట్లో ఊడిపోయే గీత ఒకటి ఉంటుంది. ఎట్లాగూ నేల మీద దిగాక రెక్కలు వదిలేసే జీవి. నా ఎదురుగానే ఒకటి ఒళ్లు అటూ ఇటూ మెలితిప్పి, రెక్కలు ఆకుకే వదిలేసి, కాడ మీదుగా నడుచుకుంటూ కిందికి దిగిపోయింది. దాని వెనక ఇంకొకటి. పొద్దునకు చూస్తే మొక్క నిండా రెక్కలే, పట్టుబడిన ఒళ్లు చాలా తక్కువ. సాలీడు దగ్గర ఆ ఎత్తు చెల్లదు, ఒళ్లంతా చుట్టేశాక రెక్కలు వదిలి ఏం లాభం. రెండో రోజు ఆ రెక్కల్ని పట్కారుతో ఏరడమే నాకు పని. వదిలేస్తే ఆకు మీద బూజు పడుతుంది, దానికి తోడు కడుపు నిండా దొరికిన ఆకులు కొన్ని కుళ్లి నల్లబడతాయి కూడా.

"తిండి ఎక్కువై చచ్చేది కూడా ఉంటాదా అన్నా మన జిల్లాలో?" అన్నాడు క్యాన్లు దించే ఆటో పిల్లోడు. మూడు ఆకులు నల్లబడినవి చూపించాను.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే బర్మానీతో మొదలుపెట్టండి. మన ఎండకు అలవాటున్న మొక్క, విత్తనం దానంతట అదే రాలుతుంది. చిన్న ట్రే, పీట్ మాస్, 50 శాతం షేడ్ నెట్ ముక్క చాలు. నీళ్ల కోసం మీ వీధి ఆర్‌ఓ ప్లాంట్‌కు పోయి బోరు నీళ్లు కలపక ముందు పట్టివ్వమని అడగండి, మీటరు పెట్టి చూపించమనండి. చూపించకపోతే అక్కడ మొక్కల కోసమే కాదు, మీ కోసం కూడా కొనొద్దు. సాలీడు వస్తే ఉండనివ్వండి, తలకు తగిలేచోట ఉంటే పుల్లతో పక్కకు మార్చండి. విత్తనం నా దగ్గర ఎక్కువే ఉంది, గుత్తిలో ఉన్నవాళ్లు క్యాన్‌కు వచ్చినప్పుడు అడిగితే కాగితంలో మడిచి ఇస్తా. వీనస్ ఫ్లైట్రాప్ మాత్రం అడగొద్దు. అమెరికాలో కరొలైనాల బురదనేలల మొక్క, దానికి ఏటా మూడు నాలుగు నెలల నిజమైన చలి కావాలి. మన సంక్రాంతి చలి దానికి ఏ మూలకూ చాలదు. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు అంటారు. మా ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన దానికి చోటు అడిగితే మా ఆవిడ ఇంతవరకు జవాబివ్వలేదు.